తీర్మానాన్ని రాతిలో చెక్కిన తీరు: ఒక పురపాలక క్షమాపణ స్మారకంపై కేస్ స్టడీ

కెనడా పశ్చిమ తీరాన బ్రిటిష్ కొలంబియాలోని ఒక మధ్యస్థాయి పట్టణం, చైనీయుల పట్ల తాను గతంలో పాటించిన వివక్షకు కౌన్సిల్‌లో క్షమాపణ తీర్మానం చేసి, దానికి గుర్తుగా బహిరంగ స్థలంలో ఒక కళాకృతిని నెలకొల్పాలని నిర్ణయించింది. ఆ పనిని మొదటినుంచి చివరివరకు సమన్వయం చేసే బాధ్యత నాకు అప్పగించారు. శిల్పిని ఎంపిక చేయించడం, సమాజంతో సంప్రదింపులు జరపడం, రాతి మీదికి ఎక్కే ప్రతి అక్షరాన్ని సరిచూడడం, ప్రతిష్ఠ తరువాత నిర్వహణ ఒప్పందం రాయించడం నా వృత్తి. పట్టణం, కుటుంబాలు, కళాకారుల వివరాలను ఇక్కడ వదిలేశాను. ఎవరినీ గుర్తుపట్టకుండా సంఘటనల క్రమాన్ని ఒకటి రెండు చోట్ల మార్చాను. ఈ పనిలో మేము రెండుసార్లు తప్పుదారి పట్టాం. రెండుసార్లూ అందరిదీ మంచి ఉద్దేశమే. ఆ మంచి ఉద్దేశం ఎక్కడ ఎలా పక్కకు తప్పిందో నమోదు చేయడం ఈ రంగంలో పనిచేసేవారికి ఉపయోగపడుతుందని నమ్మి రాస్తున్నాను.

నేపథ్యం

దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ ప్రాంతం నుంచి, ముఖ్యంగా తైషాన్ చుట్టుపక్కల నాలుగు జిల్లాల నుంచి, 1858లో ఫ్రేజర్ నది బంగారు వేటతో మొదలుపెట్టి వేలమంది ఈ తీరానికి వచ్చారు. ఈ దేశాన్ని వాళ్ళు ‘బంగారు కొండ’ అని పిలుచుకున్నారు. 1881 నుంచి 1885 వరకు కెనడియన్ పసిఫిక్ రైలుమార్గాన్ని ఈ కొండల గుండా వేసినప్పుడు 15,000 మందికి పైగా చైనీయులు ఆ పనిలో ఉన్నారు. పేలుళ్ళలో, కొండచరియల కింద, స్కర్వీ వంటి జబ్బులతో కనీసం 600 మంది చనిపోయారని అంచనా. ఆ మార్గం పూర్తయిన 1885లోనే, ఇక వాళ్ళ అవసరం తీరిందన్నట్టుగా, దేశంలోకి వచ్చే ప్రతి చైనీయుడి మీద 50 డాలర్ల తలపన్ను వేశారు. 1900లో దాన్ని 100కు, 1903లో 500కు పెంచారు. 500 డాలర్లంటే ఆనాటి కూలీకి దాదాపు రెండేళ్ళ సంపాదన. సుమారు 82,000 మంది కట్టిన ఈ పన్ను వల్ల ప్రభుత్వానికి 2.3 కోట్ల డాలర్లు వచ్చాయి. 1923 జులై 1న, కెనడా జాతీయ దినాన, చైనీయుల రాకను దాదాపు పూర్తిగా నిషేధించే చట్టం అమలులోకి వచ్చింది. 1947లో రద్దయ్యేదాకా, అంటే 24 ఏళ్ళపాటు, భర్తలు ఇక్కడ, భార్యాపిల్లలు అక్కడ ఉండిపోయారు. ఈ వృత్తాంతం చదువుతున్న మనవారికి మరొక మాట కూడా చెప్పాలి. ఈ రాష్ట్రం చైనీయుల నుంచి, ఇక్కడి ఆదివాసుల నుంచి 1870లలోనే ఓటు తీసేసింది. 1907లో భారతీయుల నుంచి కూడా తీసేసింది. చైనీయులకూ భారతీయులకూ ఆ హక్కు తిరిగి దక్కింది 1947లోనే.

కెనడా ప్రభుత్వం 2006 జూన్ 22న పార్లమెంటులో, బ్రిటిష్ కొలంబియా శాసనసభ 2014 మే 15న, వాంకూవర్ నగరం 2018 ఏప్రిల్ 22న క్షమాపణ చెప్పాయి. చట్టం చేసింది దేశ రాజధాని ఒట్టావాలోనైనా, దాన్ని రోజువారీ బతుకులోకి తెచ్చినవి చాలావరకు పురపాలక సంఘాలే. నగర కాంట్రాక్టుల్లో చైనీయులను పనికి పెట్టుకోరాదన్న షరతులు, లాండ్రీల మీద ఆంక్షలు, ఈతకొలనులోకి ప్రవేశ నిషేధం, శ్మశానంలో వేరే మూల, ఇవన్నీ స్థానిక కౌన్సిళ్ళు చేతులెత్తి ఆమోదించినవి. మా పట్టణపు క్షమాపణ ఈ స్థానిక పనులకు సంబంధించినది. ఇక్కడా ఒకప్పుడు నాలుగు వీధుల చైనాటౌన్ ఉండేది. దాని చివరి చెక్క ఇళ్ళను పడగొట్టిన చోట ఇప్పుడు కార్ల పార్కింగు ఉంది.

సమస్య నా ముందుకు వచ్చిన రూపం

నాకు అందిన పని పత్రంలో లక్ష్యం ఒక్క వాక్యంలో ఉంది: పట్టణాభివృద్ధికి చైనీస్ సమాజం చేసిన సేవలను గౌరవించే కళాకృతిని ఏర్పాటు చేయడం. దాని కింద బడ్జెట్టు, గడువు, స్థలం. క్షమాపణ తీర్మానానికి వార్షికోత్సవం వచ్చేలోపు ఆవిష్కరణ జరగాలి. పార్కింగు పక్కనున్న చిన్న పచ్చిక మడి అప్పటికే ఖరారైంది. ఆ వాక్యం చదివినప్పుడు నాకు ఏ ఇబ్బందీ తోచలేదు, అభ్యంతరం చెప్పలేదు. ఈ కేసులో నా మొదటి తప్పు అదే. తరువాత జరిగిన పొరపాట్లలో చాలావాటికి మూలం ఆ ఒక్క వాక్యంలోనే ఉంది.

మొదటి ప్రయత్నం: రైల్వే కూలీ విగ్రహం

ప్రకటన ఇచ్చి, వచ్చిన ప్రతిపాదనల నుంచి ఎంపిక సంఘం ఒక కాంస్య విగ్రహాన్ని ఎన్నుకుంది. భుజాన కావడి, చేతిలో సుత్తి, కళ్ళలో దూరపు చూపు ఉన్న రైల్వే కూలీ. ఆ ఎంపిక వెనుక తర్కం గట్టిదే. టొరంటోలో 1989 నుంచీ చైనీస్ రైల్వే కార్మికుల స్మారకం ఉంది; వాంకూవర్ చైనాటౌన్ స్మారకంలోనూ ఒక రైల్వే కార్మికుడు, ఒక సైనికుడు నిలబడి ఉంటారు. చూసినవారికి వెంటనే అర్థమయ్యే రూపం అది. పైగా 1885 నవంబరు 7న క్రెయిగెలాకీ దగ్గర రైలుమార్గపు చివరి మేకు దిగగొడుతూ తీయించుకున్న ప్రసిద్ధ ఫొటోలో ఒక్క చైనీయుడూ కనిపించడు. ఆ లోటును శిల్పంలో పూరించాలన్న ఆలోచన సహజం. నేనూ దాన్ని సమర్థించాను.

విగ్రహపు మైనపు నమూనాను తీసుకుని, ఊళ్ళోని చైనీయుల కుటుంబ సంఘం హాలుకు వెళ్ళాం. ఇరవైమందికి పైగా వచ్చారు, ఎక్కువమంది డెబ్బై దాటినవారు. టీ ఇచ్చారు, నమూనాను చుట్టూ తిరిగి చూశారు, బాగుందన్నారు. ఆ బాగుందన్న మాటను నేను అంగీకారంగా నోట్సులో రాసుకుంటుండగా, వెనక వరసలోని ఒక పెద్దావిడ చేతి సంచిలోంచి పాత బిస్కట్ల డబ్బా తీసి బల్ల మీద పెట్టారు. లోపల ప్లాస్టిక్ కవరులో ఒక కాగితం ఉంది. అది ఆమె తండ్రి తలపన్ను ధ్రువపత్రం. చుట్టూ అలంకారపు అంచు, ఒక మూల పదహారేళ్ళ కుర్రాడి ఫొటో, వరస సంఖ్య, 500 డాలర్లు ముట్టినట్టు రాత, మడతల దగ్గర పలచబడి వెలుతురు కనిపిస్తున్న గీతలు. ‘ఫలానా జిల్లాలో ఫలానా ఊరివాడినని చెప్పుకుంటున్న వ్యక్తి’ అని అందులో ఉన్న మాటను ఆమె వేలితో చూపించారు. సొంత ఊరి పేరు చెప్పినా నమ్మకుండా, ‘చెప్పుకుంటున్న’ అని అచ్చువేసి పెట్టుకున్న ఫారం అది.

‘మా నాన్న రైలు పట్టాలు వేయలేదండీ. ఆయన వచ్చేనాటికి పట్టాలు వేసి ముప్ఫై ఏళ్ళు దాటింది. ఈ ఊళ్ళో బట్టలు ఉతికాడు. ఆయన కష్టపడ్డాడని మాకు ఎవరూ చెప్పక్కరలేదు, మేము చూశాం. మీ కౌన్సిల్ ఏం చేసిందో మీరు చెప్పండి’ అని ఆమె తైషాన్ యాసలో అన్న మాటలను మనవరాలు అనువదించింది. గది నిశ్శబ్దమైంది. తరువాత ఒక్కొక్కరే మొదలుపెట్టారు. ఒకరి తాత కూరగాయల తోట చేశాడు, ఒకరి తండ్రి చేపల డబ్బాల కర్మాగారంలో కోత పనికి కుదిరాడు, ఒకరి తండ్రి ఒక ధనికుల ఇంట వంటమనిషి. ఆ హాల్లో ఉన్నవారిలో రైల్వే కూలీ వారసులు ఎవరూ లేరు.

ఆ రాత్రి పని పత్రాన్ని మళ్ళీ చదివినప్పుడు లోపం స్పష్టమైంది. మా పట్టణం క్షమాపణ పేరుతో కృతజ్ఞత చెబుతోంది. ‘మీరు మాకు రైలు కట్టి పెట్టారు, అందుకు మీకు గౌరవం’ అన్నదాంట్లో ఒక ప్రమాదకరమైన షరతు దాగి ఉంది. రైలు కట్టనివాడికి, ఏ సేవా చేయని మామూలు మనిషికి, న్యాయం దక్కే అర్హత ఉందా లేదా అన్న ప్రశ్న అక్కడ మిగిలిపోతుంది. తప్పు ఎవరికి జరిగినా తప్పే. బాధితుడి గొప్పతనంతో దానికి పని లేదు. తెలుగులో ఆలోచించేవాడిని కాబట్టి నాకు ఇది వ్యాకరణంగా తట్టింది. ‘వివక్ష జరిగింది’ అన్నా వాక్యం పూర్తవుతుంది, ‘మేము వివక్ష చూపాం’ అన్నా పూర్తవుతుంది. మొదటిదాంట్లో కర్త లేడు. మా విగ్రహంలోనూ లేడు. అందులో పన్ను కట్టినవాడు కనిపిస్తాడు, కట్టించుకున్నవాడు ఎక్కడా కనిపించడు. విగ్రహం ఆపేయమని కౌన్సిల్ సిబ్బందికి మర్నాడు లేఖ రాశాను. అప్పటికే శిల్పికి మొదటి విడత చెల్లించాం. ఆ డబ్బు పోయింది. శిల్పికి మనస్తాపం కలిగింది, అది న్యాయమైనదే, ఎందుకంటే ఆయన మేము అడిగిందే చేశాడు.

రెండో ప్రయత్నం: పేర్ల గోడ

విగ్రహం వద్దనుకున్నాక మాకు వెంటనే స్ఫురించింది పేర్ల గోడ. యుద్ధ స్మారకాల నుంచి అందరికీ తెలిసిన రూపం. ప్రతి మనిషికీ ఒక పంక్తి దక్కుతుంది, సేవల ప్రసక్తి రాదు. జనాభా లెక్కలు, పన్ను జాబితాలు, శ్మశాన రిజిస్టర్ల నుంచి పేర్లు సేకరించడానికి ఒక చరిత్ర విద్యార్థిని నియమించాం. నాలుగు నెలలు పట్టుదలగా పనిచేసిన తరువాత ఆ అమ్మాయి తెచ్చిన జాబితా చూసి ఇద్దరం దిగాలుపడ్డాం.

రిజిస్టర్లలో పేర్లు అని రాసి ఉన్నవి చాలావరకు పేర్లు కావు. మన తెలుగువాళ్ళలాగే చైనీయులకు ఇంటిపేరు ముందు, సొంత పేరు తరువాత. పాస్‌పోర్టులో ఇంటిపేరు, పేరు తారుమారై కార్యాలయాల చుట్టూ తిరిగిన తెలుగువాడికి ఈ బాధ కొత్తగా చెప్పక్కరలేదు. ఆనాటి గుమస్తాలు సొంత పేరునే ఇంటిపేరుగా రాసుకున్నారు. పిలుపులో ముద్దుగా ముందు చేర్చే ‘ఆ’ అన్న శబ్దాన్ని పేరులో భాగమనుకుని ‘ఆ సింగ్’, ‘ఆ లీ’ అని వందలమందిని ఒకే మూసలో పోశారు. ఒకే మనిషి మూడు జాబితాల్లో మూడు స్పెల్లింగులతో ఉన్నాడు. ముగ్గురు మనుషులు ఒకే స్పెల్లింగుతో ఉన్నారు. ఏ అధికార యంత్రాంగం అవమానానికి క్షమాపణ చెబుతున్నామో, ఆ యంత్రాంగం తప్పుగా రాసిన పేర్లనే శాశ్వతంగా రాతికెక్కించడమా? మేము ముందుకు వెళ్ళలేకపోయాం.

ఇంకా లోతైన చిక్కు కుటుంబాల నుంచి వచ్చింది. ప్రవేశ నిషేధం నడిచిన రోజుల్లో వేరొకరి కాగితాలు కొనుక్కుని, వాళ్ళ కొడుకులమని చెప్పి వచ్చినవారు కొందరున్నారు. ప్రభుత్వం 1960లో వారికి తమ అసలు గుర్తింపు సరిదిద్దుకునే అవకాశం ఇచ్చినా, భయం వల్ల ముందుకు రానివారు కాగితపు పేరుతోనే బతికి, ఆ పేరుతోనే పోయారు. ఒక పెద్దమనిషి నన్ను పక్కకు పిలిచి, తన తండ్రి పేరు గోడ మీద వద్దని కోరారు. కాగితపు పేరు పెడితే పూర్వీకుల ముందు అబద్ధం, అసలు పేరు పెడితే లోకం ముందు తండ్రిని దోషిగా నిలబెట్టినట్టు అని ఆయన ఆవేదన. దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. సిబ్బందిలో కొందరు, అభ్యంతరం చెప్పినవారి పేర్లు వదిలేసి మిగతావి చెక్కుదామన్నారు. వదిలేసిన పేరు కూడా చదివేవాడికి ఒక సమాచారమే. చిన్న ఊళ్ళో ఎవరి పేరు లేదో అందరికీ తెలుస్తుంది. అందుకే పేర్ల గోడను పూర్తిగా విరమించుకున్నాం.

పని చేసిన మార్గం

పేర్ల కోసం వెతుకుతూ పట్టణ దస్తావేజుల గదిలో కౌన్సిల్ సమావేశాల్లో జరిగింది రాసిపెట్టే పాత మినిట్స్ పుస్తకాలు తిరగేస్తున్నప్పుడు దారి దొరికింది. తోలు అట్ట, గీతల కాగితం, గుమస్తా నిలువైన చక్కటి చేతిరాత. ఒక పేజీలో మూడు అంశాలున్నాయి. మొదటిది ఒక వీధికి దీపం పెట్టడం, మూడోది దారిన పోయే పశువుల బందెలదొడ్డి రుసుము. మధ్యలో రెండు పంక్తుల్లో, పట్టణ పనుల కాంట్రాక్టులు తీసుకునేవారు చైనీయులను కూలికి పెట్టుకోరాదన్న తీర్మానం. ప్రతిపాదించినవారి పేరు, బలపరిచినవారి పేరు, ‘ఏకగ్రీవంగా ఆమోదించడమైనది’. సిరా రంగు మారలేదు, అక్షరం వణకలేదు. వీధిదీపానికీ దానికీ రాతలో ఏ తేడా లేదు. విద్యార్థిని చాలాసేపు ఆ పేజీ మీంచి చూపు తిప్పలేదు. ‘మీ కౌన్సిల్ ఏం చేసిందో చెప్పండి’ అని ఆ పెద్దావిడ అడిగినదానికి జవాబు మా చేతుల్లో ఉందని అప్పుడు అర్థమైంది.

కొత్త ప్రకటనలో లక్ష్యాన్ని మార్చి రాశాం. పట్టణం తాను చేసిన పనులను తన మాటల్లోనే ప్రజల ముందు చదివి వినిపించే కళాకృతి కావాలని అడిగాం. స్థలం కూడా మార్చాలని పట్టుబట్టాను. చైనాటౌన్ ఉన్న చోట క్షమాపణ రాయి పెడితే తప్పు చేసిన ఇల్లు శుభ్రంగా మిగిలి, తప్పు భరించిన చోటు మాత్రం మచ్చ మోస్తుంది. తీర్మానాలు ఆమోదించిన భవనం ముందే అది ఉండాలి. దీనికి కౌన్సిల్‌ను ఒప్పించడం అన్నిటికంటే కష్టమైంది. పెళ్ళి రిజిస్ట్రేషన్లకు వచ్చేవారు ఇదేనా చూసేది అని ఒకరు నిజాయితీగానే అడిగారు. రోజూ జనం వచ్చే చోటు కాబట్టే అక్కడ ఉండాలని జవాబిచ్చాం. చివరికి ఒక రాజీ మంచి ఫలితమిచ్చింది. తీర్మానాల రాళ్ళు పురపాలక భవనం ముందు. పార్కింగు పక్క పచ్చికలో ఏ రాతా లేని ఒక రాతి బల్ల, రెండు చెట్లు, అగరొత్తులు గుచ్చడానికి ఇసుక తొట్టి. ఈ నేల ఎవరి పూర్వీకులదో ఆ ఆదివాసీ సమాజపు (ఇక్కడ ‘నేషన్’ అంటారు) ప్రతినిధులతో ఈ దశలోనే మాట్లాడాం. శాసనంలో ‘మన పట్టణపు నేల’ అన్న మాట తీసేయమని వారు కోరారు, తీసేశాం. ఆ మాట మొదట రాసింది నేనే.

ఎంపికైన కళాకారిణి మొదటి రూపకల్పనలో తీర్మానాలను భవనం మెట్ల మీద చెక్కాలనుకున్నారు. లోపలికి వెళ్ళే ప్రతివాడూ వాటిని దాటి వెళ్ళాలన్నది ఆమె ఉద్దేశం, బలమైన ఆలోచనే. నాకు మాత్రం ఎక్కడో గుచ్చుకుంది. పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకోమని నేర్పిన ఇంట పెరిగినవాడిని. అక్షరాన్ని తొక్కడం నా ఒంటికి పడదు. ఇది నా ఒక్కడి సంకోచమేమో అనుకుని కుటుంబ సంఘంలో అడిగితే, రాసిన కాగితాన్ని నేల మీద పడనివ్వకుండా ఏరి భక్తితో కాల్చే ఆచారం తమ ఊళ్ళలో ఉండేదని ఇద్దరు పెద్దలు చెప్పారు. పైగా చివరి రాయి మీద క్షమాపణ కూడా ఉంటుంది, దాన్నీ తొక్కాలా అని అడిగారు. మెట్లు పోయి నడుము ఎత్తు గోడ వచ్చింది. నల్ల గ్రానైటు పలకలు, ఒక్కో పలక మీద ఒక్కో తీర్మానం, దాని తేదీ. చదవాలంటే కాస్త వంగాలి. చక్రాల కుర్చీలో ఉన్నవారికి కళ్ళ ఎదురుగా ఉంటుంది.

తరువాత రెండు నిర్ణయాలు చాలా రోజులు తిన్నాయి. పాత తీర్మానాల్లో చైనీయులను ఉద్దేశించిన తిట్టు మాట ఉంది. యథాతథంగా చెక్కితే ఆ మాటకు రాతి ఆయుష్షు ఇచ్చినట్టవుతుంది, చుక్కలు పెడితే కౌన్సిల్ తన నోరు తానే కడుక్కున్నట్టవుతుంది. వారసుల్లోనే ఏకాభిప్రాయం రాలేదు. పెద్దవాళ్ళు ఉండాలన్నారు, బడిపిల్లలున్న తల్లులు వద్దన్నారు. తిట్టు లేకుండానే వివక్ష పూర్తిగా తెలిసే తీర్మానాలు మాకు కావలసినన్ని దొరికాయి కాబట్టి వాటినే ఎంచుకుని, మొత్తం పాఠాలను భవనం లోపల చదువుకునే ప్రతిలో ఉంచాం. రెండోది, ప్రతిపాదించినవారి పేర్లు చెక్కాలా వద్దా అన్నది. వారి వంశాలు ఇంకా ఊళ్ళో ఉన్నాయి, ఒక వీధికి ఆ పేరే ఉంది. పేరు తీసేస్తే మళ్ళీ కర్త లేని వాక్యమే మిగులుతుంది. పేరు ఉంచితే ఏకగ్రీవంగా చేతులెత్తిన కౌన్సిల్ అంతా తప్పించుకుని నేరం ఇద్దరి మీదికి పోతుంది. ఆ సమావేశానికి హాజరైన వారందరి పేర్లనూ, మినిట్స్‌లో ఉన్న వరసలో, చిన్న అక్షరాలతో పలక అడుగున చెక్కించాం.

క్షమాపణ పాఠం చైనీస్ అనువాదం మొదటిసారి వచ్చినప్పుడు, అందులో వాడిన మాటకు విచారం అని అర్థమే తప్ప క్షమాపణ అన్న అర్థం లేదని సంఘం కార్యదర్శి పట్టుకున్నారు. ఇది చిన్న తేడా కాదు. అమెరికాలో చైనీయుల బహిష్కరణ చట్టాల మీద సెనేట్ 2011లో, ప్రతినిధుల సభ 2012లో చేసిన తీర్మానాలు కూడా విచారం వ్యక్తం చేసేవే. ఆ పదం ఎంపిక మీద అక్కడ చర్చ జరిగింది. చింతిస్తున్నామని ఎవరైనా అనవచ్చు, వానకు తడిసిన పొరుగువాడిని చూసి కూడా చింతించవచ్చు. తప్పు ఒప్పుకున్నవాడే క్షమించమని అడుగుతాడు. అనువాదం మార్చాం. తరువాత కంప్యూటరులో సరళ లిపి నుంచి సంప్రదాయ లిపికి మార్చినప్పుడు ఇంకో పొరపాటు దొర్లింది. సరళ లిపిలో ‘తరువాత’ అన్నదానికి, ‘రాణి’ అన్నదానికి ఒకటే అక్షరం. సంప్రదాయ లిపిలో వేర్వేరు. మా ప్రతిలో ‘తరువాతి తరాలు’ కాస్తా ‘రాణి తరాలు’ అయ్యాయి. మూడు దశల్లో సరిచూసినవారెవరికీ కనబడలేదు. అసలు కొలతలో కాగితం మీద అచ్చువేసి హాలు గోడకు అంటించి వారం రోజులు ఉంచాం. ఐదో రోజున మాహ్జాంగ్ అనే బిళ్ళల ఆట ఆడడానికి వచ్చిన ఒక తాతగారు టీ కప్పు చేత్తో పట్టుకునే అక్షరం మీద వేలు పెట్టారు. రాతి పని ఆ వారం ముగియగానే మొదలవ్వాల్సి ఉంది.

ప్రతిష్ఠ తరువాత

ఆవిష్కరణ గడువుకు ఏడాదిన్నర ఆలస్యంగా జరిగింది. మేయరు పలకలన్నిటినీ తేదీలతో సహా బిగ్గరగా చదివారు, దానికి పదకొండు నిమిషాలు పట్టింది. బిస్కట్ల డబ్బా తెచ్చిన పెద్దావిడ తైషాన్ యాసలో క్షమాపణ పాఠాన్ని చదివారు. వాంకూవర్ నగరం 2018లో అదే యాసలో కూడా క్షమాపణ చదివించిందన్న ఉదాహరణ మాకు అప్పుడు ఉపయోగపడింది; పన్ను కట్టినవారు మాట్లాడిన భాష చైనా అధికార భాష మాండరిన్ కాదు.

అసలు పరీక్ష తరువాతి వసంతంలో వచ్చింది. సమాధులు శుభ్రం చేసుకునే చింగ్‌మింగ్ రోజున కొన్ని కుటుంబాలు రాతి బల్ల మీద నారింజలు, ఉడికించిన కోడి, మూడు చిన్న గిన్నెల్లో సారాయి పెట్టి, అగరొత్తులు వెలిగించి వెళ్ళాయి. మన ఇళ్ళలో పెద్దలకు పెట్టుకున్నట్టే. మర్నాడు ఉదయం పార్కుల సిబ్బంది వాటిని చెత్తగా భావించి తీసేసి, మసి పట్టిన రాతిని నీటి ధారతో కడిగేశారు. తప్పు వాళ్ళది కాదు. బల్ల ఎందుకు పెట్టామో వాళ్ళకు ఎవరూ చెప్పలేదు, నేను రాసిన నిర్వహణ ఒప్పందంలో ‘శుభ్రంగా ఉంచవలెను’ అని మాత్రమే ఉంది. దాన్ని తిరగరాశాం. నైవేద్యాలను మూడు రోజులు ముట్టకూడదు, మసిని కడగకూడదు, తొట్టిలో ఇసుక మార్చేముందు సంఘానికి ఫోను చేయాలి. గోడ మీద ఎవరైనా ద్వేషపు రాతలు రాస్తే ముందు ఫొటో తీసి సంఘానికి చెప్పి, ఆ తరువాతే తుడవాలని కూడా చేర్చాం. ఒకసారి ఆ అవసరం వచ్చింది. రాతికి ముందే పూసిన మైనపు పూత వల్ల రంగు గంటలో పోయింది. చెప్పకుండా తుడిచి ఉంటే సంఘానికి ఆ సంగతి పుకారుగా చేరేది.

ఇలాంటి పనికి ఇప్పుడు పిలుపు వస్తే నేను మొదట పని పత్రంలోని వాక్యానికి కర్త ఎవరో చూస్తాను, కర్త లేకపోతే సంతకం పెట్టను. సంప్రదింపులను శిల్పి ఎంపిక తరువాతికి వాయిదా వేయనివ్వను. మైనపు నమూనా చూపించి అభిప్రాయం అడగడమంటే మర్యాదస్తులను ఇరుకున పెట్టడమే, వాళ్ళు బాగుందనే అంటారు. దస్తావేజుల గదికి మొదటి నెలలోనే వెళ్తాను. చైనీస్ అక్షరాలను గోడకు అంటించి ఉంచే వారం రోజులను గడువులో ముందే లెక్కవేస్తాను. పేర్ల విషయంలో మాత్రం నా దగ్గర సూత్రం లేదు. వేరే పట్టణంలో, కుటుంబాలు తామే కోరి రాసి ఇచ్చిన చోట, పేర్ల గోడ సరైనదే కావచ్చు.

కౌన్సిలర్ల పేర్లు చెక్కిన నిర్ణయం ఇంకా తేలలేదు. కిందటి ఏడాది, ఒక పలక అడుగున ఉన్న పేరుకు మనవడైన పెద్దమనిషి నాకు లేఖ రాశారు. తన తాత మంచివాడని, ఊరి ఆసుపత్రికి చందాలు పోగుచేశాడని, ఈ ఒక్క పంక్తితో ఆయనను గుర్తుంచుకోవడం అన్యాయమని అందులో ఉంది. కోపంగా రాసిన లేఖ కాదు, జాగ్రత్తగా రాసింది. పేరు తొలగించడం కుదరదని, ఆయన తాత మంచితనాన్ని ఆ రాయి కాదనడం లేదని, ఆ రోజు ఆ చెయ్యి లేచిందని మాత్రమే చెబుతోందని జవాబు రాశాను. ఆయన ఒక రోజు స్వయంగా వచ్చారు. దస్తావేజుల గదిలో మినిట్స్ పుస్తకం తెరిచి ఆ పేజీ చూపించాను. వీధిదీపం, దాని కింద తీర్మానం, దాని కింద బందెలదొడ్డి. చేతి తొడుగులు వేసుకుని మూడు అంశాలనూ చదివారు, ఆ పేజీకి ఒక నకలు అడిగారు. తీసి ఇచ్చాను. దాన్ని నాలుగు మడతలు పెట్టి కోటు లోపలి జేబులో పెట్టుకుని, బయటికి వెళ్ళేటప్పుడు గోడ దగ్గర ఆగారు.